కూలి ముట్టని బండలు

ఎర్రగుంట్లలో తెల్లారేసరికి మల్లెతీగ కూడా బూడిదరంగులో ఉంటుంది. సిమెంటు ఊరు మరి. కృపారాణి స్కూటీ సీటు తుడుచుకుని, ఆరింటికల్లా లారీల కాటా దగ్గర కూర్చుని బరువు చీటీలు రాస్తుంది. వాళ్ల నాయన ఏసేపు బండలు పరిచే మేస్త్రి. పరిచిన ప్రతి బండనూ తాపీ పిడితో తట్టి, చెవి ఆనించి వింటాడు. గుల్ల పలికితే లేపి మళ్లీ వేస్తాడు. ఆయన పనిలో ఇంకో సంగతి ఊరంతటికీ తెలిసిందే. అడిగిన కూలి ఇవ్వకపోతే బండలు లేచి ఆయన ఇంటికి వచ్చేస్తాయి. వెనకటికి ఒక బట్టలకొట్టు షావుకారు శనివారం కూలి సోమవారం ఇస్తానన్నాడు. ఆదివారం ఏసేపు చర్చి నుంచి వచ్చేసరికి కొట్టు నేలంతా వాకిట్లో పేర్చి ఉంది. సోమవారం కూలి ముట్టాకే బండలు తిరిగి కొట్టుకు పోయాయి. షావుకారు చెడ్డవాడేం కాదు, మతిమరుపు మనిషి. ఒకసారి కడపకని బస్సెక్కి కర్నూల్లో దిగాడు. అది వేరే కథ.

కృపారాణికి వేంపల్లె వసంతకుమార్‌తో ప్రధానం జరిగింది. పాస్టరుగారి ముందు ఉంగరాలు మార్చుకున్నారు, మూడు వందల మంది తిన్నారు. అప్పుడే వసంతకుమార్ తల్లి ప్రేమమ్మ కొత్త ఇల్లు కడుతోంది. కూతురు తిరగబోయే నేల కదా అని ఏసేపు తన డబ్బుతో బండలు కొని, ఇరవై రెండు రోజులు మోకాళ్ల మీద పాకి పరిచాడు. కూలి అడగలేదు. అడగలేదు గనక బండలూ కదల్లేదు.

మూడు నెలలకు వసంతకుమార్‌కు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. ఆ వారమే ప్రేమమ్మ ఫోన్ చేసి, "పిల్లోని మనసు మారిందప్పా. దేవుని చిత్తం," అంది. దేవుని చిత్తం నందికొట్కూరులో టీచరు పని చేస్తోందని తర్వాత తెలిసింది.

ఏసేపు మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఊరుకున్నాడు. ఆ మోకాళ్లు చూసే కృపారాణి ఊరుకోలేకపోయింది. కడపకు పోయి ప్లీడరు రామకోటయ్యను కలిసింది.

"పెండ్లి చేసుకోమని యా కోర్టూ చెప్పదు పాపా," అన్నాడాయన. "ఖర్చు రాబట్టొచ్చు. హాలుకు, భోజనాలకు రసీదులుండాయి. మీ నాయన పనికి కాయితం యాడుంది?"

"లేదు సార్. నోటీసులో కూలి ఇరవై రెండు వేలని రాయండి. అడిగినట్టుంటే చాలు."

రామకోటయ్య కళ్లజోడు తీసి కాళ్ల కింద నేల చూసుకున్నాడు. ఆ బండలు ఏసేపు పరిచినవే. వెంటనే కలం తీసి రాశాడు.

సంతకం దగ్గర ఏసేపు ఆగాడు. "ప్రేమతో చేసిందానికి రేటు కడితే ఎట్లమ్మా?"

"వాళ్లు కట్టేసినారు నాయనా. సున్నా."

ఇష్టంతో చేసిన పనికి తాము పైసా బాకీ లేమని ప్రేమమ్మ జవాబు పంపింది. మర్నాడు కాటా మీద లారీ ఆపి డ్రైవరు ఓబులేష్, "మీ బండలు వస్తాండాయి పాపా," అన్నాడు. "శానా పద్ధతిగా ఎడమ పక్కనే వస్తాండాయి. మా క్లీనరు కంటే నయం."

"ఎన్ని?"

"పన్నెండు."

కృపారాణి చీటీ మీద పన్నెండు వేసుకుంది. ఆ రోజు అన్నం రుచిగా తిన్నది. రోజూ అంతే. వేంపల్లెలో వంటిల్లు పోయింది, వరండా పోయింది, హాలు పోయింది. చివరికి పడకగదిలో కిటికీ కింద ఆరడుగుల బండ ఒక్కటే మిగిలింది. చల్లగా ఉంటుందని వసంతకుమార్ దాని మీదే పడుకుంటున్నాడని ఓబులేష్ చెప్పాడు.

శనివారం ప్రేమమ్మ వచ్చింది, చేతిలో కవరుతో. "ఇరవై రెండు వేలుండాయి. రేపు పొద్దున నందికొట్కూరోళ్లు ప్రధానానికి వస్తాండారు. మట్టినేల మీద కూర్చోబెడితే మానం పోతాది, కృపా."

ఏసేపు చెయ్యి చాచబోయాడు. కృపారాణి ఆ చేతిలో టీ గ్లాసు పెట్టింది.

"సోమవారం ప్లీడరు దగ్గర ఇయ్యండి, ప్రేమమ్మగారూ." అత్తా అనే పిలుపు ఆమె నోట ఇక రాలేదు. "కాయితం లేకుంటే ఏమయితాదో మీరే కదా నేర్పించినారు."

ఆదివారం తెల్లవారి తలుపు తీస్తే వాకిట్లో ఆరడుగుల బండ. దాని మీద లుంగీ బనీనులో వసంతకుమార్, ఇంకా నిద్రలోనే. ఏసేపు వచ్చి తాపీ పిడితో తట్టి విన్నాడు. "దెబ్బేం తగల్లేదులే," అన్నాడు. బండ గురించే.

కృపారాణి అతన్ని లేపలేదు. ఎండే లేపింది. అప్పటికి తొమ్మిదయింది. ఫోన్ మోగింది. ప్రేమమ్మ. "మావోడు కనపడలేదు... ఆడికేమన్నా వచ్చినాడా?" వెనక ఎవరో మగమనిషి, "యాడుండాడంట?" అని గట్టిగా అడుగుతున్నాడు.

కృపారాణి అంతకంటే గట్టిగా చెప్పింది. "మా ఇంటికాడే ఉండాడు. నిద్ర పోయి ఇప్పుడే లేసినాడు."

అవతల నందికొట్కూరోళ్లు లేచి బయలుదేరారు. కాసేపటికి కార్ల తలుపులు వరసగా మూసుకున్నాయి.

"నేనెట్ల పోవల్ల?" అన్నాడు వసంతకుమార్, లుంగీ బిగించుకుంటూ.

"నడిచి. బండ మాది."

సోమవారం కూలి ముట్టింది, రసీదు ముట్టింది. హాలు, భోజనాల ఖర్చు రావడానికి ఇంకో నెల పట్టింది. ఆ చెక్కు తీసుకుని కృపారాణి ప్లీడరు గదిలోంచి బయటికి వస్తుంటే వరండా బెంచీ మీద వసంతకుమార్ కనిపించాడు. చేతిలో నందికొట్కూరోళ్లు పంపిన నోటీసు. ప్రధానం ఖర్చు, మూడు కార్ల బాడుగ, పరువు నష్టం.

అతను తల ఎత్తలేదు. నేలకేసే చూస్తూ, "ఈ బండలు ఎవరు పరిచినారు?" అన్నాడు.

"మా నాయన."

వసంతకుమార్ మెల్లగా కాళ్లు రెండూ బెంచీ మీదికి తీసుకున్నాడు.