ప్రివెంట్ అంటే ఆపడం

నేను ఒక నల్లబల్లను. నల్లబల్ల అనగానే గోడ పొడవునా పరుచుకుని, క్లాసులో దర్జాగా ఉండేదాన్ని అనుకునేరు. నాకంత యోగం లేదు. ఒక మనిషి చంకలో పెట్టుకుని పోగలిగినంత చెక్కను. ప్రస్తుతం ఒక హైస్కూలు స్టోరు రూములో, కాళ్ళు విరిగిన బెంచీల కింద పడి ఉన్నాను. ఎవరైనా తలుపు తీస్తే రెండు తుమ్ములు తుమ్మి మళ్ళీ వేసేసుకుని పోతారు. పోనీండి. రాయించుకుని, తుడిపించుకుని ఒళ్ళు హూనమైపోయింది. ఇక్కడ నా జోలికి ఎవరూ రారు, అదొక్కటే సుఖం.

నన్ను ఆదోనిలో ఒక వడ్రంగి పాత తలుపు రెక్క కోసి తయారుచేశాడు. చట్రం బిగించి, నల్లరంగు పూసి, పత్తి మార్కెట్టులో ఒక వ్యాపారికి అమ్మాడు. పొద్దున్నే ఆయన గుమాస్తా నా మీద ఆ రోజు పత్తి ధర రాసేవాడు. బండ్లు దిగిన రైతులు ముందు నన్నే చూసేవారు. ధర తగ్గిన రోజు నన్నే తిట్టేవారు, ఆ ధర నేనే కట్టినట్టు. ఒకాయన నా మీద ఉమ్మేసి పోయాడు కూడా. ఆయన్ని నేనేమీ అనుకోలేదు. ఇంటికి పోయి పెళ్ళానికి ఏం చెప్పుకోవాలో పాపం.

కొన్నాళ్ళకు వ్యాపారి ఎర్ర లైట్ల బోర్డు తెచ్చుకుని నన్ను పక్కనే ఉన్న హోటలు వాడికి ఇచ్చేశాడు. అక్కడ నా మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జి అని రాసి ఉండేది. ఉగ్గాని పొద్దున్నే అయిపోయినా మధ్యాహ్నం దాకా అలాగే రాసి ఉండేది. లోపలికి వచ్చినవాడు ఎటూ ఏదో ఒకటి తినకుండా పోడని హోటలు వాడి ధీమా. ఇంతలో ఒక పల్లెలోని హైస్కూలు సార్లు చందాలకు వచ్చారు. మిగతా అంగళ్ళవాళ్ళు ఫ్యాన్లు, కంచాలు ఇచ్చారు. ఈయన నన్ను ఇచ్చాడు. దానం చేసినట్టూ అయింది, అడ్డం తొలగినట్టూ అయింది. నా చట్రం మీద తన పేరు పెయింటు చేయించడం మాత్రం మరిచిపోలేదు.

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే నాగలింగప్ప సారు నన్ను పదో తరగతి గది బయట, వరండాలో వేలాడదీశాడు. మనిషి మంచివాడే. పల్లె పిల్లలకు ఇంగ్లీషు మాటలు రావాలని ఆయనకు మహా పట్టుదల. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. రోజుకొక పిల్లో పిల్లవాడో నా మీద ఒక ఇంగ్లీషు మాట, దాని తెలుగు అర్థం, ఒక ఉదాహరణ వాక్యం రాయాలి. ప్రార్థన అయ్యాక వాళ్ళు దాన్ని గట్టిగా చదవాలి. తరువాత బడి మొత్తం మూడుసార్లు తిరిగి చెప్పాలి, చివర చప్పట్లు కొట్టాలి.

ఆ వాక్యాల సంగతి అడక్కండి. అందరూ గైడులోంచి ఎక్కించేవారు. వాటన్నింట్లో రాము అని ఒకడుండేవాడు. సోమవారం రాము ఉదారుడు, మంగళవారం పిసినారి. బుధవారం వాడికి జ్వరం, గురువారం వాడొక చక్రవర్తి. వాడు ఒకసారి నా మీద చచ్చిపోయాడు కూడా, మరునాడు లేచి క్రికెట్ ఆడాడు. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఉదాహరణ వాక్యంలో ఉన్నదాన్ని ఎవరూ నిజమనుకోరు. అది మాటను పట్టుకోవడానికి కట్టిన పిడి, అంతే.

ఇలా ఉండగా జనవరి నెలాఖర్లో ఉరుకుందమ్మ వంతు వచ్చింది. పదో తరగతి పిల్ల, బాగా చదివేది, నోట్లోంచి మాట పెగిలేది కాదు. ఆ ప్రాంతంలో పొలం పనులు అయిపోగానే సగం ఊరు సుగ్గికి పోతుంది. అంటే మూటా ముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోవడం. ఇంకో రెండు చేతులు ఉంటే ఇంకో నాలుగు కాయలు తెగుతాయి కాబట్టి, ఈసారి కూతుర్ని కూడా తీసుకుపోవాలని వాళ్ళ నాయన ఈరన్న తీర్మానించుకున్నాడు. పోతే మార్చిలో పబ్లిక్ పరీక్ష పోయినట్టే. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లల కోసం ఊళ్ళోనే హాస్టలు ఉంది. సారుకు ఒక్క ముక్క తెలిస్తే ఈరన్నను కూర్చోబెట్టి నచ్చజెప్పి, పిల్లను అందులో చేర్పించేవాడు. అంతకు ముందు ఇద్దరు ముగ్గురిని అలాగే ఆపాడు. తెలియాలి కదా.

ఆ పొద్దున ఉరుకుందమ్మ నా ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంటే, స్నేహితురాలు హుసేన్‌బీ పక్కనే నిలబడి గొణుగుతూ ఉంది.

"నేరుగ సార్‌తోనే చెప్పరాదా మే?"

"నాయన ఒట్టు ఏపిచ్చుకున్యాడు. సార్లకు నోటితో చెప్పగూడదంట, ఎవురితోనూ చెప్పియ్యగూడదంట. చెప్తే ఇంటి మీదికొచ్చి గలాటా చేస్తారంట."

"మరి ఇదేంది?"

"ఇది నేను చెప్పినట్ల కాదు గద. వాక్యం."

నా మీద ఆ పిల్ల రాసిన మాట ప్రివెంట్. అర్థం, జరగకుండా ఆపడం. కింద వాక్యం రాసింది. మై ఫాదర్ విల్ టేక్ మి టు గుంటూర్ ఆన్ మండే, ప్లీజ్ ప్రివెంట్ హిమ్. మా నాయన సోమవారం నన్ను గుంటూరు తీసుకుపోతాడు, దయచేసి ఆయన్ని ఆపండి అని. అక్షరాలు రాసేటప్పుడు సుద్ద రెండుసార్లు విరిగింది.

ప్రార్థన అయింది. ఆ పిల్ల చదివింది. సారు వైపే చూస్తూ చదివింది. సారు ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు ఒకరు రామును వదిలిపెట్టారని ఆయన సంతోషం. చెయ్యి ఊపాడు. బడి మొత్తం అందుకుంది. మూడు వందల గొంతులు, ప్లీజ్ ప్రివెంట్ హిమ్, ప్లీజ్ ప్రివెంట్ హిమ్ అని మూడుసార్లు అరిచి చప్పట్లు కొట్టాయి.

"ఇది గైడులోది కాదు, సొంతది. ఎవురైనా ఇట్ల రాయాల" అని సారు జేబులోని పెన్ను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఇంకా ఆయన వంకే చూస్తోంది. ఇంకేదో అడుగుతాడని. ఆయన వాచీ చూసుకుని, క్లాసులకు పొండి అన్నాడు.

పత్తి ధరకు నన్ను తిట్టినప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు. అంత పెద్ద అక్షరాలు మోస్తూ నిలబడి ఉన్నాను, ఏం లాభం? మరునాటి నుంచి పిల్లలందరికీ అదే వరస. మా మామ నన్ను బెంగుళూరు తీసుకుపోతాడు అని ఒకడు, దోమల్ని ఆపండి అని ఒకడు. సారు అందరికీ శభాష్ అన్నాడు.

సోమవారం బడి ముందు నుంచి లారీలు పోయాయి. మంగళవారం గదిలో హాజరు పిలుస్తుంటే నాకు వినబడింది. ఉరుకుందమ్మ పేరు దగ్గర ఎవరూ పలకలేదు. హుసేన్‌బీ లేచి, "సుగ్గికి పాయ సార్, నిన్ననే" అంది.

సారు హాజరు పుస్తకం మూసిన చప్పుడయింది. తరువాత బయటికి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. ఆ రోజు నా మీద ఏనుగు గురించి ఏదో ఉంది. ఆయన దాన్ని చదవలేదని నాకు తెలుసు. వరండా మెట్టు మీద కూలబడ్డాడు. ఈరన్న ఫోనుకు చాలాసార్లు చేశాడు, కలవలేదు. వాళ్ళను తీసుకుపోయిన కూలీల మేస్త్రీ ఏ పొలంలో దించాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పరీక్షలు అయిపోయాయి.

ఏప్రిల్ చివర్లో ఈరన్న కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. ఎండకు పిల్ల నల్లబడిపోయింది, మిరప ఘాటుకు వేళ్ళ చివర్లు తోలు లేచాయి. వేసవిలో మళ్ళీ పరీక్ష ఉంటుంది, నేను రాయిస్తాను అన్నాడు సారు. ఈరన్న వెంటనే ఒప్పుకున్నాడు. చెడ్డవాడేం కాదు.

"రాయనీండి సార్. దానికి సదువంటే ప్రాణం. అది ఇంగ్లీసు సదివిన పొద్దు మా చిన్నోణ్ని ఇస్కూల్లో ఇడ్సిపోనీకి నేను గేటు కాడికొస్తిని. ఏం మాటలో నాకు తెల్దు గానీ, ఇస్కూలంతా మా పాప చెప్పినట్ల చెప్పె సార్. నాకు ఒళ్ళు పులకరించె. దావలో కనబడినోళ్ళందరికీ చెప్పుకుంటిని." అలా చెప్పి ఆయన నీళ్ళు తాగడానికి కుళాయి దగ్గరికి పోయాడు.

సారు ఆ పిల్ల వేళ్ళ వైపు చూశాడు. "ఒక్క మాట నాతో చెప్పకపోతివే ఉరుకుందమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"చెప్తిని గద సార్. మీరే అందురితో మూడుమార్లు చెప్పిస్తిరి."