రెక్క కలిసిన కొంగలు

ఎనిమిదో నెలలో ఉన్న చిసాతోకు ఆల్చిప్పలు ఉడుకుతున్న కుండ ముందే ఫిట్స్ వచ్చాయి. కడుపులో కవలలు. భర్త యాసుహే పక్కింటివాళ్ల వ్యానులో ఆమెను కువానా పట్టణంలోని ఆసుపత్రికి చేర్చేసరికి పెదవులు నీలం తిరిగాయి. "బీపీ మరీ పెరిగిపోయింది. పిల్లల్ని ఇప్పుడే తియ్యాలి," అని డాక్టరు లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది.

వరండా బెంచీ మీద యాసుహే, పక్కన అత్తగారు ఫుసాయె మిగిలారు.

ఆవిడ సంచిలోంచి ఎర్ర కాగితాలు, చిన్న కత్తెర తీసింది. కువానాలో కాగితపు కొంగల్ని విడివిడిగా చెయ్యరు. ఒకే కాగితానికి గాటు పెట్టి, బియ్యపుగింజంత తెగకుండా వదిలి, రెక్కా రెక్కా కలిసి ఉండేలా మడుస్తారు. పురుడు కష్టమైనప్పుడు అవి మంచం తలాపున కట్టడం వాళ్ల ఇంటి ఆనవాయితీ.

"చేతులు ఖాళీగా ఉంటే భయం మనిషిని తినేస్తుంది, అల్లుడూ. ఇదిగో, మడత పెట్టు."

"ఆల్చిప్పలు ఒలిచే చేతులివి, అత్తయ్యా. ఇంత సున్నితమైన పని నా వల్ల కాదు."

"నా కూతురి చెయ్యి అడిగిననాడు గుర్తురాలేదే, ఆ మొరటుతనం?"

యాసుహే మడవడం మొదలుపెట్టాడు. ఒక కొంగ తయారైంది. రెండోదాని మెడ సగంలో ఉండగా తలుపు ధడాలున తెరుచుకుంది. నర్సు పరుగెత్తుకుంటూ బయటికొచ్చి, "రక్తం! ఇంకా రక్తం తెప్పించండి!" అని కేకేసింది. అతను ఉలిక్కిపడ్డాడు. రెక్కల మధ్య అతుకు పుటుక్కున తెగింది.

తెగిన కొంగను గుప్పిట్లో దాచేశాడు. ఎవరి ఆయువు తెగింది? తల్లిదా, బిడ్డదా?

కాసేపటికి లోపల్నుంచి పసిగొంతు వినబడింది. నర్సు తల బయటపెట్టింది. "ఆడపిల్ల. బాగానే ఉంది."

"రెండోది?" అన్నాడు యాసుహే.

ఆమె తలుపు వేసేసింది. అతను చెవులు రిక్కించాడు. రెండో ఏడుపు రాలేదు. గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు.

"నేనే చంపేశాను, అత్తయ్యా," అంటూ గుప్పిట విప్పాడు.

ఫుసాయెకు కోపమొచ్చింది. "నోరు ముయ్యి! కాగితం చిరిగితే బిడ్డ పోతుందా? అయితే ఇందాకట్నుంచి నేనేం చేశానో చూడు!" ఒడిలోని చేతిగుడ్డ దులిపింది. కొంగ ఒక్కటీ లేదు. అన్నీ చిరిగిన ముక్కలే. ఆవిడ వేళ్లు గజగజ వణుకుతున్నాయి. అంతసేపూ ఆ వేళ్లనే గుడ్డ కింద దాచుకుంది.

అల్లుడు దగ్గరికి జరిగి ఆ చేతులు పట్టుకున్నాడు. ఆ ముసలామె చెయ్యి మంచుగడ్డలా ఉంది.

చాలాసేపటికి డాక్టరు వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. "తల్లికి గండం గడిచింది. ఇంకా స్పృహ రాలేదు. రెండోవాడు మగపిల్లాడు, మిషను మీద ఊపిరి తీస్తున్నాడు. రేపటిదాకా ఏమీ చెప్పలేను."

అద్దాల పెట్టెలో పిల్లాడు జానెడంత ఉన్నాడు. ఒళ్లంతా గొట్టాలు. ఛాతీ ఎగిరి ఆగినప్పుడల్లా యాసుహే ఊపిరీ ఆగేది.

నర్సు కలం పట్టుకుని అడిగింది. "పేరు?"

"అక్కకు మిచిరు. వీడికి... రేపు చెప్తాను." పేరంటూ పెట్టేస్తే, రేపు ఆ పేరు పలుకుతూ ఏడవాల్సి వస్తుందేమోనని అతని భయం.

"ఇప్పుడే పెట్టు," అంది ఫుసాయె వెనకనుంచి. "పేరు లేనివాణ్ని వెనక్కి రమ్మని ఏమని పిలుస్తాం?"

యాసుహే అద్దానికి నుదురు ఆనించాడు.

"వతారు," అన్నాడు. దాటేవాడని దాని అర్థం. "ఒరే వతారూ... ఇటు రారా. మేం ఇక్కడే ఉన్నాం."

పిల్లాడు కదల్లేదు. ఛాతీ లేచింది, ఆగింది, మళ్లీ లేచింది. తెల్లారేదాకా అతను ఆ పేరు పిలుస్తూనే ఉన్నాడు. తెల్లారాక డాక్టరు వచ్చి, గొట్టం ఒకటి తీసి, "తనంతట తనే పీలుస్తున్నాడు," అన్నాడు. చిసాతో కళ్లు తెరవడానికి ఇంకో రోజు పట్టింది.