అడిగాక ఆగాలి

"మీ ఆయన దేవుడమ్మా, ఈ వయసులో కూడా నిన్ను చదివిస్తున్నాడు," అంది పైవాటా ఆవిడ, డాబా మీద నేను దుప్పటి పిండుతుంటే. దుప్పటి రెండో కొస పట్టుకుని మెలితిప్పుతున్నది మా అత్తయ్య. నేను కాలేజీకి వెళ్ళాక గిన్నెలు కడిగేదీ, మా అమ్మాయి బడి నుంచి వస్తే తలుపు తీసేదీ ఆవిడే. ఆ మాట ఆవిడా వింది, నేనూ విన్నాను. ఇద్దరం దుప్పటి ఆరేసి, క్లిప్పులు పెట్టి, కిందికి దిగొచ్చాం.

ఆ మాట పూర్తిగా అబద్ధమని అనను. ఇంటర్‌తో ఆగిపోయిన పెళ్ళాం ముప్పై దాటాక టీచర్నవుతానంటే పగలబడి నవ్వే మగవాళ్ళు నాకు తెలుసు. మా ఆయన నవ్వలేదు. పేపరు మడిచి, "నీ ఇష్టం. ఇల్లు మాత్రం చెడకుండా చూసుకో," అన్నాడు. దానికి నాకు కృతజ్ఞత ఉంది, నిజంగానే ఉంది. కానీ చెడకుండా చూసుకోవలసిన ఆ ఇంట్లో తానూ ఉంటున్నానన్న సంగతి ఆయనకు తట్టలేదు. నాకూ అప్పుడు తట్టలేదు. పరుగున వెళ్ళి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ "ఇప్పుడెందుకే నీకీ తిప్పలు" అని ఒక పూటంతా గొణిగి, కాలేజీ తెరిచిన రోజు పొద్దున్న నాకంటే ముందు లేచి స్టవ్ దగ్గర నిలబడింది. ఏ మాటా ఇవ్వలేదు, ఏ షరతూ పెట్టలేదు. ఆ నిలబడటం మూడేళ్ళు సాగింది.

మాది బి.ఏ., బి.ఎడ్. కలిపి నాలుగేళ్ళ కోర్సు. ఒక పీరియడ్‌లో రాజ్యాలు ఎందుకు కూలిపోయాయో చెబుతారు, తర్వాతి పీరియడ్‌లో పదమూడేళ్ళ పిల్ల గది తలుపు ఎందుకు ధడేలున వేసుకుంటుందో చెబుతారు. రెండోదానికి మా ఇంట్లోనే ప్రాక్టికల్స్. క్లాసులో మిగతావాళ్ళంతా నిన్నగాక మొన్న ఇంటర్ ముగించిన పిల్లలు. నన్ను పెద్దక్క అంటారు. మొదటి వారం నేను బెంచీ మీద కూర్చుంటే ఎవరి అమ్మో ఫీజు కట్టడానికి వచ్చిందనుకున్నారట. తర్వాత ఆ పిల్లలే నాకు కంప్యూటర్లో పాఠానికి బొమ్మలు తయారుచేయడం నేర్పారు, ఒకే సంగతి ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా. ఇంట్లో ఒకసారి మా ఆయన చొక్కా నేను ఇస్త్రీకి ఇవ్వడం మరిచిపోతే, "ఇంత చిన్న విషయం గుర్తుండదు, ఆ రాజుల పేర్లెలా గుర్తుంటాయో," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ చొక్కా పట్టుకెళ్ళి ఇస్త్రీకి ఇచ్చొచ్చాను.

మూడో ఏడు మా చేత పాఠాలు చెప్పించడం మొదలుపెట్టారు. తోటి విద్యార్థులే ఎనిమిదో తరగతి పిల్లల్లా బెంచీల మీద కూర్చుంటారు. ఒకరు బోర్డు దగ్గర నిలబడి చిన్న పాఠం చెప్పాలి. వెనక బెంచీలో గడియారం మేడం కూర్చుని చూస్తుంది. మాకు బోధనా పద్ధతులు చెప్పే లెక్చరర్ ఆవిడ. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుంటే తప్ప ఎవరి పాఠమూ వినదు కాబట్టి ఆ పేరు. ఆ రోజు నేను ఇరగదీశాననుకున్నాను. మాట తడబడలేదు, బోర్డు మీద గీత వంకరపోలేదు. అయిపోయాక మేడం లేచి, "పాఠం బాగుంది. కానీ ఈ క్లాసులో ఒక్కరు కూడా నోరు విప్పలేదు. ఎందుకో ఎవరైనా చెప్పండి," అని పిల్లలవైపు తిరిగింది. "నేను కాస్త గబగబా చెప్పాను మేడం, అందుకనుకుంటా," అని నేనే అందుకున్నాను. క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వింది.

"అదేనమ్మా నీ జబ్బు," అంది. "ప్రశ్న అడుగుతావు, పిల్లలు ఊపిరి పీల్చుకునేలోపు జవాబు వాళ్ళ చేతిలో పెట్టేస్తావు. అడిగాక ఆగాలి. ఆ ఖాళీ నీది కాదు, వాళ్ళది."

ఆగడం వచ్చేదాకా నన్ను ఏ స్కూలుకూ పంపనని కూడా చెప్పింది.

ఇంటికి వెళ్ళే బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఆ జబ్బు ఎక్కడ అంటిందో తెలిసిపోయింది. మా ఆయన "నా..." అనేలోపు చేతిరుమాలు అందిస్తాను. "ఆ తాళం..." అంటే "టీవీ పక్కన" అంటాను. ఎవరికి ఆకలేస్తోందో వాళ్ళకంటే ముందు నాకు తెలుస్తుంది. మామయ్య బతికున్నప్పుడు వచ్చినవాళ్ళందరితోనూ "మా కోడలికి ఏదీ నోరు తెరిచి చెప్పక్కర్లేదు" అనేవారు. ఆ మాటకు పొంగిపోయేదాన్ని. పెళ్ళయిన కొత్తలో అది తెలివి అనుకున్నాను, తర్వాత ప్రేమ అనుకున్నాను, ఆ తర్వాత అనుకోవడమే మానేశాను. అది నేర్చుకోవడానికి ఎంత కష్టపడ్డానో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండా చేయడంలోనే కదా దాని గొప్పంతా. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎవరి ప్రశ్ననూ పూర్తి కానివ్వలేదు నేను. నాకంటూ ఒక ప్రశ్న ఉండొచ్చన్న సంగతే మరిచిపోయాను. ఏడుపొచ్చింది, కానీ అవమానంతో కాదు. పెళ్ళి తర్వాత నాకు పని చెప్పినవాళ్ళూ, నా పనికి వంక పెట్టినవాళ్ళూ చాలామందే ఉన్నారు. నన్ను మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చూసి, ఇదమ్మా సంగతి అని చెప్పిన మనిషి మేడం ఒక్కతే. ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మర్నాటి నుంచి ఇంట్లో సాధన మొదలుపెట్టాను. "అమ్మా, నా నీలం టీషర్ట్ ఎక్కడ?" అని గదిలోంచి మా అమ్మాయి కేక. నేను పెదవి బిగబట్టి నిలబడ్డాను. "తీగ మీదుందే, తెస్తానుండు," అని వంటింట్లోంచి జవాబొచ్చింది. అత్తయ్య. నాకు నవ్వాగలేదు. మోకాళ్ళు పట్టుకుని లేవబోతున్న ఆవిణ్ణి కూర్చోబెట్టి, మేడం చెప్పిందంతా చెప్పాను. ఆవిడ మోకాలు రాసుకుంటూ వింది.

"నాకెవరూ చెప్పలేదే, ఆగొచ్చని," అంది చివరికి.

ఆ సాయంత్రం నుంచి ఆవిడే నా క్లాసు. కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. నేను బీరువా ముందు నిలబడి పాఠం చెప్పేదాన్ని. మిల్లు కార్మికుల సమ్మె పాఠంలో, "వాళ్ళు పని ఎందుకు ఆపేశారు?" అని అడిగి ఆగాను. పని గంటలు, జీతాలు, అన్నీ నా నాలుక చివర దురద పెడుతున్నాయి. మింగాను. అత్తయ్య బీన్స్ తుంచడం ఆపి కాసేపు ఆలోచించింది. "ఆపితేగానీ వాళ్ళున్నట్టు ఎవరికీ తెలీదు కాబట్టి," అంది. పుస్తకంలో ఆ మాట లేదు. వెళ్ళి ఆవిణ్ణి కావలించుకుంటే, "సరేలే, మార్కులెన్నో చెప్పు," అంది. గడియారం మేడం చివరికి నన్ను పాస్ చేసిన రోజున నేను ముందు చెప్పింది అత్తయ్యకే.

చివరి ఏడు అసలు పరీక్ష. ఒక హైస్కూల్లో టర్మంతా టీచర్లా పనిచేయాలి. మొదటి గంట కొట్టేసరికి స్టాఫ్‌రూమ్‌లో ఉండాలి. అది మానితే ఆ ఏడంతా పోయినట్టే. సరిగ్గా అప్పుడే అత్తయ్య మోకాళ్ళు మొరాయించాయి. స్టవ్ దగ్గర నిలబడటం పూర్తిగా మానెయ్యాలన్నాడు డాక్టరు. స్కూలు మొదలయ్యే ముందురోజు ఆదివారం, మధ్యాహ్నం అందరం భోజనాలు చేస్తుంటే మా ఆయన, "ఈ ఏడాదికి ఆపెయ్. అమ్మకు తగ్గాక చూద్దాం," అన్నాడు. కటువుగా అనలేదు, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా అన్నాడు. వాళ్ళమ్మ మీద ప్రేమతోనే అన్నాడని నాకు తెలుసు. ఆ ప్రేమకు కావలసిన చాకిరీ మాత్రం ఎప్పుడూ నా వంతే. చూద్దాం అన్న పనిని మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ చూసింది లేదు. నా చదువు కూడా వెళ్ళి ఆ పనుల్లో కలుస్తుందనుకునేసరికి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"నేను ఆపనండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పొద్దున్న వంట ఎవరు చేస్తారు?"

అడిగి, ఆగాను.

'నేనే నాలుగింటికి లేస్తాలెండి' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగాను. పక్కనే అత్తయ్య నోరు తెరిచింది. కుర్చీ వేసుకుని నేనే చేస్తానులేరా అనబోతోందని నాకు తెలుసు. బల్ల కింద ఆవిడ చేయి పట్టుకుని గట్టిగా నొక్కాను. ఆవిడ నావైపు చూసి నోరు మూసుకుంది. తర్వాత నా చేతిని తిరిగి నొక్కింది. మా అమ్మాయి నమలడం ఆపేసింది. మా ఆయన నావైపు చూశాడు, వాళ్ళమ్మవైపు చూశాడు, మంచినీళ్ళ గ్లాసు ఎత్తి తాగకుండానే కింద పెట్టాడు. ఎవరో ఒకరు అందుకుంటారని చూస్తున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఎవరూ ఎప్పుడూ ప్రశ్న అడగని వెనక బెంచీ పిల్లల తికమక ఉంది. జాలేసింది. జాలేసినా ఆగాను. అత్తయ్య చేయి నా చేతిలో వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నేను ఒంటరిదాన్ని కానని అంత గట్టిగా అనిపించింది ఆ రోజే. ఆయన ఏమన్నా సరే, రేపు మొదటి గంటకు నేను స్కూల్లో ఉంటానని కూడా అప్పుడే తేలిపోయింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కుక్కర్లో నీళ్ళు ఎంత పోయాలి?"

దానికి మాత్రం అత్తయ్యా నేనూ ఒక్కసారే జవాబు చెప్పాం.