పావు చుట్టు

సంగమేశ్వర్ ఆకురాయిని గొలుసు పంటి మీద మూడుసార్లు నడిపి పక్క పంటికి జరిగాడు. పంటికి మూడుసార్లే, నాలుగోది ఎన్నడూ లేదు. నారాయణఖేడ్ బస్టాండు వెనుక రేకుల షెడ్డులో చెట్లు కోసే మిషన్లు బాగుచేసే ఆయనకు ఇరవై రెండేళ్లుగా పొద్దు మొదలయ్యేది ఈ పనితోనే. కుడిచేతి చూపుడువేలి గోరు సగం నల్లబడి అలాగే గట్టిపడింది. కళ్లద్దాల ఒక కాలికి రాగితీగ చుట్టి ఉంది. పదును తెలుసుకోవడానికి ఆయనకు కళ్లు అక్కరలేదు, బొటనవేలు చాలు.

బల్ల మీద ఒకే రకం మిషన్లు రెండున్నాయి. ఒకదాని సిలిండర్ లోపలి అడ్డుకొలత నలభై ఆరు మిల్లీమీటర్లు. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. రెండోదానికి ఆయన నిన్న నలభై తొమ్మిది సిలిండర్ బిగించాడు. ఆ తేడా ఒక జొన్నగింజంత కూడా ఉండదు. బసవరాజ్ ప్రయాణం దాని మీదే ఆగి ఉంది.

బసవరాజ్ నాగల్‌గిద్ద మనిషి, చెట్లు కోసే కూలి. ఆరేళ్ల కిందట, సంగమేశ్వర్ భార్య ఇంద్రమ్మ పోయిన నెలలో, అతడు ఎండిన తుమ్మమొద్దు ఒకటి ట్రాలీలో తెచ్చి షెడ్డు ముందు రెండు రాళ్లమీద పెట్టాడు. "ఒంటిగ కూసుంటె పిచ్చి లేస్తదన్నా. నేనొచ్చి కూసుంట" అన్నాడు. అన్నట్టే, పని ఉన్నా లేకున్నా రోజూ వచ్చి దానిమీద కూర్చుంటున్నాడు. మిషన్లను పరీక్షించేదీ ఆ మొద్దు మీదే. వేర్వేరు కట్టెలు కోసి పోల్చితే అది పోలిక కాదని సంగమేశ్వర్ నమ్మకం. పరీక్ష పరీక్షకూ మొద్దు పొట్టిదవుతోంది. మొదట నలుగురు పట్టేది. ఇప్పుడు ఇద్దరు ఒరుసుకుని కూర్చోవాలి.

హైదరాబాదులో రోడ్ల పక్క లావు చెట్లు కొట్టే ముఠా ఒకటి బసవరాజ్‌ను రమ్మంటోంది. మిషన్ జోరుగా ఉంటేనే రమ్మంటోంది.

"పెద్దది గెలిస్తె మూడు గంటల బస్సుకు పోత. లేకుంటె దాన్ని ఊడదీసెయ్, గీడనే తుమ్మలు కోసుకుంట బతుకుత" అన్నాడు బసవరాజ్ వస్తూనే. భుజాన సంచి ఉంది.

"సంచి సర్దుకోనే వచ్చినవ్ గద."

"మా ఇంటామె రజిత సర్దింది. నేను పోతనంటె దానికి ఎంత సంబురమో!"

సంగమేశ్వర్ నవ్వలేదు. బ్లేడు ఒకటే, గొలుసు ఒకటే, పెట్రోలు ఒకే డబ్బాలోది. కోసే చెయ్యి కూడా ఒకటే ఉండాలి. ఆ చెయ్యి బలం పెట్టకూడదు, మిషన్ తన బరువుతో తానే దిగాలి. ఆయన చేతిగడియారం విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. బసవరాజ్ కోశాడు. చిన్నదానికి ఇరవై ఒక్క సెకన్లు పట్టింది. రాలిన చక్క మీద సంగమేశ్వర్ సుద్దతో అంకె వేసి, బ్లేడూ గొలుసూ పెద్దదానికి మార్చాడు. దానికి ఇరవై మూడు పట్టింది.

బసవరాజ్ పగలబడి నవ్వాడు. "ఏందన్నా, ఒళ్లు పెరిగిందిగని పని పెరగలే! మా బామ్మర్ది లెక్క." సంచి దించి మొద్దు పక్కన పడేశాడు. "ఆయ్తు, అయిపాయె. ఇగ చాయ్ చెప్పు."

చాయ్ వచ్చింది. రేపు కల్హేర్‌లో కోయవలసిన వేపచెట్టు గురించి బసవరాజ్ మాట్లాడుతున్నాడు. రేపు అనే మాట వింటూ సంగమేశ్వర్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. చెవిలో మాత్రం ఆ మిషన్ గొంతే ఉంది. సగం కోతలోనే అది సన్నగా, ఆకలిగా అరిచింది. పెద్ద సిలిండర్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి. పెట్రోలు వదిలే మరను ఆయన పాత సిలిండర్‌కు ఉన్నట్టే ఉంచేశాడు. నిన్న మరిచాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ మరవనిది నిన్ననే ఎందుకు మరిచాడని తనను తాను అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. వస్తుందేమోనని భయం వేసింది.

కాళ్ల దగ్గర చక్క మీద తన చేతిరాత కనిపిస్తోంది: 49, కింద 23. నోటితో ఆయన అబద్ధమాడలేదు. కట్టెతో చెప్పించాడు.

"లే, బసూ. పెద్దదాంతోని ఇంకోపారి కొయ్యి."

"ఎందుకే? తేలిపాయె గద."

"తేలలే. తప్పు నాది."

స్క్రూడ్రైవర్ దూర్చి మరను పావు చుట్టు వెనక్కి తిప్పాడు. అంతే. ఈసారి మిషన్ గొంతు నిండుగా, కిందిస్థాయిలో మోగింది. పొట్టు బసవరాజ్ కాళ్లమీద కుప్పగా పడింది. పద్దెనిమిది.

మిషన్ ఆపాక బసవరాజ్ గడియారం వంక చూశాడు, ఆపైన ఆయన వంక.

"నువ్వు చెప్పకుంటె నాకు తెల్వకనే పోతుండె గదన్నా."

"నాకు తెలుస్తుండె."

సంగమేశ్వర్ పెద్ద మిషన్‌ను శుభ్రంగా తుడిచి గోనెసంచిలో పెట్టి, ఆకురాయి కూడా అందులో వేశాడు.

"పంటికి మూడుసార్లే."

"నాలుగోసారి గీకితె?"

"గొలుసు జల్దీ అరుగుతది."

"మరి నువ్వు దేంతోని గీకుతవ్?"

"కొత్తది కొంట."

బసవరాజ్ తల వంచుకుని చెప్పులు తొడుక్కున్నాడు. "టైముకు తిను" అన్నాడు. రెండు సంచులతో బస్టాండు గోడ మలుపు తిరిగాడు. మూడు దాటాక బస్సు హారన్ వినిపించింది.

సంగమేశ్వర్ పొట్టు ఊడ్చి, చక్కలు మూడూ గోడకు ఆనించాడు. మూడోదాని మీద అంకె వేయలేదు. బయట రెండు రాళ్లమీద, కొత్త కోత ఎర్రగా కనిపిస్తూ, తుమ్మమొద్దు మిగిలి ఉంది, ఒకరికి ఎక్కువగా, ఇద్దరికి తక్కువగా.