నల్లరాజు పొయ్యి

క్యారెట్లు కడిగే పని మూడింటికల్లా అయిపోయేది. రెహులినా చేతులు తుడుచుకుని, రబ్బరు బూట్లతోనే రోడ్డు దాటి మలెం కాఫీ కొట్టుకి వచ్చేది. ఆ కొండ ఊరు బెరస్తాగిలో మగవాళ్ళకి పొద్దు గూకేది అక్కడి చదరంగం బల్లల దగ్గరే. ఆడవాళ్ళెవరూ ఆ బెంచీలెక్కరు. రెహులినా ఒక్కతే, నలభై ఆరేళ్ళ వయసులో, ఆట నేర్చుకుని తీరతానని పట్టుబట్టింది.

ఆ ఊళ్ళో ఏ బల్ల మీదైనా నల్లరాజు భద్రంగా కుదురుకున్నాడంటే, కిరీటం మీంచి సన్నగా పొగ లేచేది. పైన్ కట్టె కాలిన వాసన. రాజుకి ముప్పొస్తే పొగ వణికేది, ఆరిపోయేది. మరీ ఎక్కువైతే మలెం లేచి కిటికీ తెరిచేవాడు, అంతే.

రెహులినా బల్ల మీద మాత్రం పొగ ఊసే లేదు.

"ఏం అక్కా, మీ రాజుగారింట్లో ఈ పూట కూడా పస్తేనా?" అని బస్సు నడిపే పులుంగ్ ఏడిపించేవాడు.

వరసగా పన్నెండు ఆటలు ఓడాక ఆమె తెర్కెలిన్ తాత ఎదురుగా కూలబడింది. కొట్టు జట్టుకి పెద్ద ఆయనే.

"తాతా, కుర్రాళ్ళు ఆట మొదలెట్టే సిసిలియన్ ఎత్తులే నేనూ ఆడుతున్నా. నాకెందుకు రావట్లేదు?"

"అది కర్ర పట్టుకుని పక్కింటి మీదికి పోయే ఆటమ్మా. వాళ్ళు కొట్టే దెబ్బలన్నీ ముందే కంఠతా వచ్చుండాలి. నీకు ముందు ఇల్లు కావాలి."

"మంత్రిని తొందరగా బయటికి తెస్తేనో?"

"బజారంతా వెంటపడి దాన్ని తరుముతుంది. రాజు ముందరి బంటుని ఒక్క గడి జరిపి కూర్చున్నావనుకో, అదీ గట్టిదే. కానీ తలుపు ముందే మూసినట్టు, శకటు లోపలే చిక్కుకుంటుంది." తాత మంత్రి వైపు శకటు ముందున్న బంటుని ఒక్క గడి జరిపాడు. "ఈ మొదలుకి కారో-కాన్ అని పేరు. దీన్ని ఊతంగా పెట్టుకుని, మంత్రి ముందరి బంటుని రెండు గడులు తొయ్యి. శకటుని వాకిట్లోకి పంపు. అప్పుడు మూయి తలుపు."

మూడు నెలలు ఆమె ఆ ఒక్కటే ఆడింది. ఓడినా అదే. ఒక సాయంత్రం మలెం ఆమె బల్ల వంక చూసి, లేచి కిటికీ తెరిచాడు.

నారింజ కోతలయ్యాక దిగువ బజారు కొట్టుతో పోటీ. ఏడేళ్ళుగా వాళ్ళదే కప్పు. ఆ రోజు మెదాన్ పట్నం దారిలో కొండచరియ విరిగి పులుంగ్ బస్సు చిక్కుబడిపోయింది. అతనాడాల్సిన నాలుగో బల్ల దగ్గర, నల్లపావుల వైపు, తాత రెహులినాని కూర్చోబెట్టాడు.

ఎదుటి మనిషి రాకుత్, దిగువ బజారు మొనగాడు. "మనుషులు కరువై క్యారెట్ల బుట్టని కూర్చోబెట్టారా?"

"బుట్ట బరువు ఎత్తితే కదా తెలిసేది తమ్ముడూ."

రాకుత్ మధ్య బంటుని ముందుకి తోసి, వాకిట్లోకొచ్చిన ఆమె శకటుని తరమడానికి పక్క బంట్లన్నిటినీ ఉరికించాడు. శకటు ఒక్కో అడుగే వెనక్కి తగ్గింది. రెహులినా తలుపు మూసింది, గుర్రాలని దించింది, రాజుని కోట కట్టి లోపల కూర్చోబెట్టింది. పొగ లేచింది.

మిగిలిన మూడు బల్లల లెక్క సరిసమానంగా తేలింది. అందరూ నాలుగో బల్ల చుట్టూ చేరారు. రాకుత్ చెమట తుడుచుకుని చెయ్యి చాపాడు.

"డ్రా చేసుకుందాం అక్కా. నీకూ పరువే, నాకూ పరువే."

ఏడేళ్ళ తర్వాత ఓడకుండా ఇంటికెళ్ళడం! మలెం ఒప్పుకో ఒప్పుకో అని కళ్ళతోనే బతిమాలాడు. ఆమె చెయ్యి సగం దాకా వెళ్ళింది. అప్పుడు నల్లరాజు వంక చూసింది. పొగ పిసరంతైనా వణకడం లేదు, దారం కట్టినట్టు నిటారుగా లేస్తోంది. ఇల్లు గట్టిగానే ఉంది, ఇక గడప దాటొచ్చు.

"వద్దు తమ్ముడూ," అంది చెయ్యి వెనక్కి తీసుకుని. మొదటి ఎత్తులో జరిపిన బంటునే ఇంకో గడి ముందుకి తోసింది. తెల్లపావుల నడిమి బంట్ల పునాది కదిలిపోయింది. పక్క బంట్లన్నీ వేటకి పోయాయేమో, రాకుత్ రాజుకి తలదాచుకునే చోటు లేదు. ఇరవై ఎత్తుల తర్వాత రాకుత్ తన రాజుని పడుకోబెట్టి, లేచి నిలబడి ఆమెకి వంగి దండం పెట్టాడు.

తాత జట్టు పేర్ల పలకలో తన పేరు చెరిపి, పైన రెహులినా పేరు రాశాడు.

సోమవారం మూడింటికి కొట్టులో ఒక కొత్తావిడ కూర్చునుంది, పక్కన చదరంగం పెట్టె.

"నేను రాకుత్ పెళ్ళాన్ని," అంది. "నాకూ నేర్పు అక్కా. ఆయన్ని ఇంట్లోనే ఓడించాలి."

రెహులినా పగలబడి నవ్వి, బెంచీ మీద ఆవిడకి చోటిచ్చింది.