హేమ్లికి కోయ వచ్చు

సర్వే కాగితంలో మొదటి ప్రశ్న: "మీ ఉద్యోగం మీకు తృప్తిగా ఉందా? ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేయండి." మాతృభాష గడిలో 'లంబాడీ' అని రాసి, పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను.

నాది జూలూరుపాడు దగ్గర తండా. ఈ అడవి అంచు దవాఖానాకు నర్సుగా వచ్చిన మొదటి రోజే హెడ్ నర్సు నిర్మలాదేవి ఒక కోయ ముసలాయనతో మాట్లాడమంది. "నాకు కోయ రాదు మేడమ్" అన్నాను.

"అదేంటమ్మా, మీరంతా అడవోళ్ళేగా!" అని నవ్వింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, డ్యూటీ చార్టులో నా పేరు పక్కన 'కోయ వచ్చు' అని రాసేసింది. సత్తుపల్లి నుంచి వచ్చిన ఆవిడకు మా భాషలన్నీ ఒకటే.

నేనూ తక్కువ తినలేదు. 'హేమ్లి లేకపోతే మన పని అయినట్టే' అని తోటి నర్సులు అంటుంటే పొంగిపోయేదాన్ని. ఆయా కొండమ్మ కోయ మనిషి. ఆమె దగ్గర నలభై మాటలు నేర్చుకున్నాను. రోగుల జవాబు అర్థం కాకపోతే ఆమె వైపు చూసేదాన్ని.

పోయిన మంగళవారం కొండమ్మ రాలేదు. ఆ రోజే యశోద అనే కోయ పిల్ల కాలి గాయంతో వచ్చింది. సూది చూడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. గొంతు పట్టుకుని ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది.

"ఏమంటుంది హేమ్లీ?" అంది నిర్మలాదేవి.

నాకు తెలియలేదు. నలుగురు నర్సులు నన్నే చూస్తున్నారు. తెలియదనడానికి సిగ్గేసింది.

"సూదంటే భయమంట మేడమ్."

నిర్మలాదేవి సూది వేసింది. కాసేపటికే యశోద మొహం ఉబ్బింది, ఊపిరి అందలేదు. చేయాల్సినవన్నీ చేశాం. బతకలేదు.

మర్నాడు గుర్తున్నంత వరకు ఆ మాట కొండమ్మకు వినిపించాను. చీపురు వదిలేసి కూలబడింది.

"పోయినేడు సూదేస్తె ఊపిరాడలేదని చెప్పింది బిడ్డా. నీకు సమజ్ కాలేదా?"

రిపోర్టులో 'మందు పడలేదు' అని రాశారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

నిర్మలాదేవి నా కాగితంలోకి తొంగి చూసింది. "ఐదు వేసెయ్యి. నీలాంటి మనిషి మాకెక్కడ దొరుకుతుంది? బయట ఆ యశోద తల్లి వచ్చింది, ఏం కావాలో కనుక్కో."

"నాకు కోయ రాదు మేడమ్."

"మళ్ళీ మొదలెట్టావా? ఆ పిల్లకు భయమని మొన్న నువ్వేగా చెప్పావు!"

"మొన్న కూడా రాదు."