హైదరాబాదాయన

చాయ్ వడగడుతుంటే ముందుగదిలోంచి జనార్దన్ సేటు గొంతు వినిపించింది.

"ఏమన్న అను దామోదర్ సారూ, మీ హైదరాబాదాయన మామూలోడు గాదు. ఇంటి బొమ్మ ఒక ఎత్తు, ఈ షాపుల బొమ్మ ఇంకో ఎత్తు. ఇంకా పునాది తవ్వనేలేదు, నాకైతే కిరాయిలు వసూలు చేస్తున్నట్టే ఉన్నది."

"ఆర్టిస్టు గదా సేటూ," అన్నాడు దామోదర్. "మనసైతెనే గీస్తడు. తొందరవెడితే కోపమొస్తది."

కోపమొచ్చే ఆ హైదరాబాదాయన చాయ్ కప్పులు పళ్లెంలో సర్దుకుని, కొంగు నడుముకు దోపుకుని, పరదా తప్పించి ముందుగదిలోకి వచ్చింది. జనార్దన్ సేటు కళ్లు బొమ్మ మీదనే ఉన్నాయి. అద్దాల తలుపుల మీద ఆకాశం నీలం ఎంత పల్చగా పరుచుకుందో పక్కన కూర్చున్న మనిషికి వేలితో చూపిస్తున్నాడు. ఆ నీలం అద్దిన మధ్యాహ్నమంతా సరోజ ఒక కాలితో పాప ఉయ్యాల ఊపుతూనే ఉంది. కాలు ఆగితే పాప లేస్తుంది, చెయ్యి ఆగితే రంగు చారలు కడుతుంది. సేటు తల ఎత్తకుండానే కప్పు అందుకుని ఒక గుక్క తాగి, "చెల్లె చాయ్ తాగితెనే తలనొప్పి దిగుతది," అన్నాడు. ఆ మెచ్చుకోలు ఒక్కటే దారి తప్పకుండా ఆమెకు చేరింది.

హైదరాబాదాయన పుట్టింది ఈ ముందుగదిలోనే. పెళ్లయిన కొత్తలో మిర్యాలగూడలో దామోదర్ దగ్గరికి వచ్చేవాళ్లంతా మున్సిపాలిటీ పర్మిషన్ కోసం ప్లాన్లు గీయించుకునేవాళ్లే. వడ్ల మిల్లుల వాళ్లు, కొత్తగా డబ్బు చూసిన రైతులు ఆ గీతల కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "గిందుల మా ఇల్లేది సారూ?" అనేవాళ్లు. ఒకరోజు సరోజ ఊరికే కూర్చోలేక అలాంటి ప్లానొకటి తీసుకుని, ఆ గదులకు గోడలు లేపి, కిటికీల పైన ఎండ ఆపే ఛజ్జాలు వేసి, ముందొక చెట్టు నాటి, రంగులద్దింది. ఆ ఇంటి యజమాని దాన్ని దేవుడి పటంలా రెండు చేతులతో పట్టుకుని, ఎవరు గీశారని అడిగాడు. దామోదర్ నోట్లోంచి వచ్చిన మాట: "హైదరాబాద్‌ల మా దోస్తు ఒకాయన ఉన్నడు." లోపలికొచ్చి చెప్పి పగలబడి నవ్వాడు. సరోజ కూడా నవ్వింది. మరుసటి నెలకల్లా ఆ ఒకాయనకు కోపం వచ్చింది, తీరికలేకుండా పోయింది, బొమ్మ చేతికి రావడానికి ఎనిమిది రోజుల గడువు వచ్చింది. ఒకసారి దామోదర్ హైదరాబాద్ నుంచి మంచి కుంచె కొనుక్కొచ్చి, "మీ ఆయనకియ్యి," అని కన్నుగీటాడు. కుంచె నిజంగానే బాగుంది. నీళ్లలో ముంచి తీస్తే కొన వెంట్రుకలా నిలబడుతుంది. కుంచె ఇచ్చిన చేతిని ఏమనగలదు?

ఒకసారి మాత్రం అడిగింది, నా పేరు చెబితే ఏమవుతుందని. దామోదర్‌కు కోపం రాలేదు. పాపకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "ఇంట్ల ఆడామె గీసిందంటే ముగ్గేసిందనుకుంటరు. మొగాయన గీసిండంటే డిజైన్ అంటరు. గంతే ఫరక్."

ఆ ఫరక్ ఆమెకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివిన రెండున్నరేళ్లూ కోదాడ పిల్ల అని ఎవరూ తక్కువ చేయలేదు, ఎక్కువా చేయలేదు. డ్రాయింగు సారు అందరి షీట్లనూ ఒకేలా బల్ల మీద నుంచి కిందకు విసిరేవాడు. "ఇవి చెట్లా, గోబీ పువ్వులా?" అని అరిచేవాడు. సరోజ వారమంతా హాస్టలు ముందున్న వేపచెట్టు కింద కూర్చుని గోబీ పువ్వును చెట్టుగా మార్చుకుంది. ఆ షీటును సారు విసరలేదు. పక్కన పెట్టాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు. మూడో ఏడు సగంలో ఉండగా సంబంధం వచ్చింది. "పెండ్లయినంక సదువుకుంటది, మేమేమన్న వద్దంటమా?" అన్నారు. నిజమే, వద్దని ఎవరూ అనలేదు. వేవిళ్లు వచ్చాయి, పరీక్షలు పోయాయి, పాప పుట్టింది, అంతే. షీట్ల కట్ట అత్తగారింటికి వచ్చింది. ఆ ఎండాకాలం అత్త జానకమ్మ వాటిని డాబా మీద పరిచి మిరపకాయలు ఆరబోసింది. "మంచి దళసరి కాయితం పిల్లా, చెమ్మ వట్టదు," అని మెచ్చుకుంది కూడా. ఎర్రటి మరకల కింద వేపచెట్టు నీడను సరోజ గుర్తుపట్టి, మిరపకాయలు ఎత్తేదాకా అక్కడే నిలబడింది.

గీయడం అంటే బల్ల ముందు కూర్చుంటే అయ్యేది కాదు. ఇంటిని మూల మీద నుంచి చూసినట్టు గీయాలంటే రెండు పక్కలా గీతలన్నీ దూరంగా పోయి ఒక్కో చుక్కలో కలవాలి. ఆ చుక్కలు కాగితం మీద పడవు, బల్ల మీదా పడవు. ఎడమది కిటికీ ఊచ మీద పడుతుంది. కుడిది సరిగ్గా వంటింటి గుమ్మం మీద. అక్కడొక మేకు కొట్టి, దారం కట్టి, ఆ దారాన్ని బల్లదాకా లాగి, దాని వెంట స్కేలు పెట్టి గీస్తుంది. అంత సేపూ ఇంటిల్లిపాదీ దారం కింద నుంచి వంగి పోవాల్సిందే. "ఓ పిల్లా, మొగ్గం నేస్తున్నవా ఏంది?" అని జానకమ్మ నడుం పట్టుకుని వంగేది. "నా కొడుకు ఊరంతటికి జెప్తడు హైదరాబాదాయన, హైదరాబాదాయన అని. ఆయన తినేది నా వంటింట్లనే, నన్ను వంగవెట్టేది గూడ ఆయననే."

సరోజకు నవ్వు వచ్చేది, ఆ వెంటనే భయం వచ్చేది. పాప ఆ దారాన్ని మెడకు చుట్టుకుంటే? బ్లేడు ఎక్కడ పెట్టింది? గుండుసూదులు డబ్బాలో ఉన్నాయా? మిల్లుల నుంచి ఊక బూడిద ఎగిరొచ్చి తడి రంగు మీద వాలుతుందని కిటికీలు మూస్తే, ప్లాన్ల ప్రింట్లకు వాడే అమోనియా ఘాటు పాప ముక్కుకు తగులుతుందేమో. ప్రతి గీతకూ ముందొకసారి, తర్వాతొకసారి పాప వైపు చూసుకునేది. అసలు గీత గీయడానికి పట్టే సమయం ఆ చూపులకు పట్టేదాంట్లో సగం కూడా ఉండదు.

తొంభై రెండు ఎండాకాలంలో పాపకు జ్వరం తగిలింది. దామోదర్ సైటు మీద ఉన్నాడు. సరోజ రిక్షా పిలిచి పాపను ఒళ్లో వేసుకుని దవాఖానకు బయలుదేరింది. స్టేషన్ రోడ్డు తిరగగానే కొత్త సున్నం వాసన వచ్చింది. తలెత్తి చూస్తే జనార్దన్ సేటు ఇల్లు.

తను గీసిన ఇల్లు నిజంగా లేచి నిలబడితే చూడటం అదే మొదటిసారి. ఒక క్షణం పాప జ్వరం కూడా మరిచిపోయింది. ఆ తర్వాత ఏదో తేడాగా అనిపించింది. ఛజ్జాల కింద, కిటికీల పక్కన, గోడ మీద బూడిద రంగులో ఏటవాలు పట్టీలు. రిక్షాను ఆపమంది. అవి నీడలు. ఎండ ఎడమ నుంచి పడుతున్నట్టు బొమ్మలో తను వేసిన నీడలు! పెయింటరు బొమ్మ చేతిలో పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు గోడకెక్కించాడు. ఇల్లేమో తూర్పు ముఖం. పొద్దుటి ఎండకు ఛజ్జాల అసలు నీడలు ఇంకో వైపు వాలి ఉన్నాయి. ప్రతి కిటికీకీ రెండు నీడలు, దేని దారి దానిది.

రిక్షాలో ఒక్కతే పడీపడీ నవ్వింది. రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు. నవ్వు ఆగాక చెప్పుకోడానికి మనిషి కావాలనిపించింది. అయ్యా, అది రంగు కాదు, నీడ, తుడిచెయ్యండి అని లోపలికి వెళ్లి చెప్పాలి. ఎవరని చెప్పాలి? దామోదర్ సారు భార్యనని చెబితే చాయ్ మెచ్చుకుని పంపిస్తారు. తన చేతి తప్పు కాని తప్పు ఊరి నడుమ సున్నం వేసుకుని నిలబడింది, దాన్ని దిద్దే హక్కేమో ఈ లోకంలోనే లేని మనిషి దగ్గరుంది. పాప వేడి ఊపిరి మెడకు తగిలింది. "పోనీ," అంది రిక్షా అతనితో.

సాయంత్రం పాపకు మందు పట్టాక దామోదర్‌కు చెప్పింది. అతనూ కడుపుబ్బ నవ్వాడు.

"నేనొకసారి సైటుకొచ్చి చెబితే బాగుండేదండీ," అంది సరోజ.

నవ్వు ఆగిపోయింది. "నువ్వొచ్చి ఏమని చెప్తవ్? సేటుకు నచ్చింది. నచ్చినంక నీకేంది?"

నచ్చింది సేటుకే. వారం తిరక్కుండా ఆయనే ఇంకో కబురుతో వచ్చాడు. సూర్యాపేటలో రాందాస్ అని కొత్త ఆర్కిటెక్టు ఆఫీసు తెరిచాడట. "త్రిపురారం దిక్కు తండా పిలగాడే. పెద్ద సదువు సదివిండు. మొన్న మా ఇల్లు సూసి ఒకటే నవ్వుడు. ఏంది సారూ అంటే, బొమ్మ తెమ్మన్నడు. బొమ్మ సూసి నవ్వు బంద్ జేసిండు. గిది గీసినాయన పద్ధతి ప్రకారం నేర్చుకున్నోడు, కాని ఎన్నడూ సైటు తొక్కనియ్యలేదెవరో అన్నడు. తన దగ్గర నౌకరి ఉన్నదట, బొమ్మలు గీసుడు, సైటు సూసుకునుడు. సోమవారం రమ్మన్నడు. మీ దోస్తుకు జెప్పుండ్రి."

పరదా వెనక సరోజ గుమ్మం పట్టుకుంది. సైటు తొక్కనియ్యలేదెవరో. ముఖం చూడని మనిషి, బొమ్మ చూసి ఆ మాటన్నాడు.

"అడిగి చెప్త సేటూ," అన్నాడు దామోదర్. "వస్తడో రాడో."

అన్నాలప్పుడు ఆ మాట సరోజే ఎత్తింది. దామోదర్ కంచంలోంచి తల ఎత్తలేదు. "ఇన్నొద్దులు అబద్ధమాడిన్నని ఊరంత నవ్వుతది. నా ఇజ్జత్ ఏం గావాలె? నువ్వు పోతె గీడ బొమ్మలెవరు గీస్తరు?" ఆపైన మెత్తగా, అసలు తగలాల్సిన చోట తగిలించాడు. "మొన్ననే పొల్లకు జ్వరమొచ్చింది. బస్సుల ఉన్నప్పుడొస్తె ఏం జేస్తవ్? అమ్మ మోకాళ్ళతోని ఉరుకుతదా పొల్ల వెనక?"

జానకమ్మ చారు వడ్డిస్తూ, "నన్ను ఇందులకు గుంజకుండ్రి," అంది.

ఆ రెండు మూడు రోజులూ అతని మాటే చెవిలో మోగింది. బస్సులో జ్వరం వస్తే? రోడ్డు మీద చెయ్యి వదిలించుకుంటే? తెలియని ఊళ్లో తెలియని నీళ్లు తాగితే? పాప పాలగ్లాసు పట్టుకుని కూర్చున్న ప్రతిసారీ అవే ప్రశ్నలు. ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర వంగి పాప గౌనుకు చిక్కుకున్న దారం విప్పుతూ ఆమెకు తోచింది: ఇంట్లో ఉన్నందుకు తన భయం ఏ రోజు తగ్గిందని? దవాఖానకు పోయినరోజు పక్కన ఎవరున్నారని? రిక్షా ఎక్కింది తనే, డాక్టరుతో మాట్లాడింది తనే. భయం మిర్యాలగూడలోనూ ఉంటుంది, సూర్యాపేటలోనూ ఉంటుంది. పాపతో పాటు దాన్నీ ఒళ్లో కూర్చోబెట్టుకుని టికెట్టు తీసుకోవచ్చు. ఇక్కడే ఉండి భయపడితే మాత్రం భయంతో పాటు ఆ కోపిష్టి హైదరాబాదాయన్ని కూడా మోయాలి. ఇద్దరినీ మోసే ఓపిక తనకు లేదు.

శుక్రవారం జనార్దన్ సేటు వచ్చాడు. "చాయ్ తీస్కరా!" అని దామోదర్ లోపలికి కేకేశాడు. సరోజ పొయ్యి వెలిగించలేదు.

"మరేమన్నడు మీ దోస్తు?"

"ఏం జెప్పాలె సేటూ," దామోదర్ గొంతు బరువుగా చేసుకున్నాడు. "మంచంల వడ్డడు. ఒంట్ల అస్సలు బాగలేదట. జర సీరియస్‌గనే ఉన్నది."

సరోజ పాపను చంకనెత్తుకుని పరదా పక్కకు లాగింది. వెనక నుంచి జానకమ్మ, "ఏడికే?" అన్నది వినిపించింది. ముందుగదిలో ఎప్పుడూ నిలబడే మూల దాటి బల్ల దగ్గరికి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. సేటు చాయ్ కోసం ఆమె చేతుల వైపు చూశాడు.

"సీరియస్ కాదన్నా," అంది సరోజ. "చచ్చిపోయిండు."

"సరోజా!" అన్నాడు దామోదర్.

"అయ్యో!" జనార్దన్ సేటు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఎప్పుడు? ఎట్ల?"

"ఇప్పుడే. చాయ్ అడిగినప్పుడు పానం పోయింది."

సేటుకు అర్థం కాలేదు. దామోదర్ వైపు చూశాడు. దామోదర్ బల్ల వైపు చూస్తున్నాడు. పాప సేటు జేబులోని పెన్ను అందుకోబోయింది. సరోజ ఆ చేతిని పట్టుకుని తన చేతిలో దాచుకుంది.

"మరి రాందాస్ సారుకు ఏం జెప్పాలె చెల్లె? సోమవారానికి మాటిచ్చిన గద."

"మాట పోదన్నా. సోమవారం పొద్దుగాల బస్సుకు వస్తున్నరని చెప్పు. చంకల పొల్లతోని వస్తరని గూడ చెప్పు, కుర్చీ జర పెద్దది ఎయ్యమను. ఆ, మీ ఇంటి గోడ మీద ఆ బూడిద పట్టీలు సున్నం గొట్టి తీసెయ్యిండ్రి. అవి నీడలు. సూర్యుడు ఏసుకుంటడు, పెయింటరుకు ఎందుకు ఆ పని?"

జనార్దన్ సేటు గోడకానించిన షాపుల బొమ్మ వైపు ఒకసారి, సరోజ వేళ్ల సందుల్లో ఇంకా వదలని నీలం వైపు ఒకసారి చూశాడు. అయినా అలవాటైన మాట ఒకటి నాలుక మీదికి ముందే వచ్చేసి ఉంది. అది ఆగలేదు.

"పాపం... పెండ్లామున్నదా ఆయనకు?"

"పెండ్లాం లేదన్నా," అంది సరోజ. "మొగడున్నడు. గాడ కూసున్నడు సూడు."